కొత్త మినీ ట్రాక్టర్‌కు ఏ పానాలు, ఏ స్పేర్లు?

ప్రశ్న: మాది ఏలూరు జిల్లా మెట్ట ప్రాంతం. తొమ్మిది ఎకరాలుంది. ఆరు ఎకరాల్లో ఆయిల్ పామ్, దాని నీడన కోకో. మిగతా మూడెకరాల్లో మొక్కజొన్న వేస్తాం. నెల క్రితం 27 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్ మినీ ట్రాక్టర్ కొన్నాం. దానితోపాటు నాలుగడుగుల రోటావేటర్, గెలలు తోలుకోవడానికి చిన్న టిప్పర్ ట్రక్కు, స్ప్రేయర్ తీసుకున్నాం. షోరూం వాళ్లు ఒక రెక్సిన్ సంచిలో నాలుగు పానాలు పెట్టి ఇచ్చారు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి అక్కడి వీడియోలు చూసి ఇవన్నీ కొనాలని పెద్ద లిస్టు పంపాడు. మా ఊరి మెకానిక్కేమో ఇంజను డీజిల్ నాజిళ్లు, హెడ్ గ్యాస్కెట్, క్లచ్ ప్లేటు కూడా ముందే తెచ్చి పెట్టుకోమంటున్నాడు. రెండూ కలిపితే యాభై వేలు దాటుతోంది. ఏవి కొనాలి, ఏవి అక్కర్లేదు? బండి నడిపేది మా తమ్ముడి కొడుకు. కుర్రాడు చురుకైనవాడే గానీ మెకానిజం తెలియదు. పైగా ఏ వస్తువు ఇచ్చినా పారేసుకుంటాడు.

సమాధానం: రెండు లిస్టుల్లోనూ పనికొచ్చేవి ఉన్నాయి గానీ, రెండూ మీ బండిని చూసి రాసినవి కావు. అమెరికాలో ఇలాంటి చిన్న ట్రాక్టర్ కొనేవాళ్లలో చాలామంది సర్వీసు ఇంటి దగ్గర సొంతంగా చేసుకుంటారు. బండికి ముందు లోడరు ఉంటుంది. చలి ప్రాంతాల్లో దానితో మంచు కూడా తోస్తారు. మీ అబ్బాయి లిస్టులోని గొలుసులు, కొక్కేలు, లోడరు పిన్నులు అక్కడి అవసరాలు. మీ మెకానిక్కు చెప్పినవి పదిహేనేళ్లు తిరిగిన బండి ఇంజను దించేటప్పుడు కావాల్సినవి. మీది నెల బండి, వారంటీలో ఉంది.

కాబట్టి ప్రతి వస్తువు దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది పోతే ఆ పూట పని ఆగిపోతుందా? ఆగితే మీ కుర్రాడు అక్కడే, తోటలోనే మార్చుకోగలడా? రెండిటికీ అవునంటే కొనండి. నాజిళ్లు, హెడ్ గ్యాస్కెట్, క్లచ్ ప్లేటు పోతే పని ఆగే మాట నిజమే. కానీ వాటిని చెట్టు కింద కూర్చుని మార్చలేం, మార్చకూడదు కూడా. వారంటీలో ఉన్న బండికి బయటివాళ్లు ఇంజను గానీ డీజిల్ పంపు గానీ విప్పితే తర్వాత కంపెనీతో పేచీ వస్తుంది. పైగా రబ్బరు సీళ్లు, గ్యాస్కెట్లు మకాంలో ఏళ్ల తరబడి ఎండకు మగ్గితే గట్టిపడిపోతాయి. అవసరం వచ్చేనాటికి పనికి రావు. ఆ మూడూ కొట్టేస్తే మీ యాభై వేలలో పెద్ద భాగం అక్కడే మిగులుతుంది.

ఇక కొనాల్సినవాటికి వద్దాం. నన్నడిగితే అన్నిటికంటే ముందు కొనాల్సింది పానాలు కాదు, గ్రీజు గన్ను. మంచిది, చేత్తో కొట్టేది, మూతికి రబ్బరు గొట్టం ఉన్నది తీసుకోండి. ఇనప గొట్టం ఒక్కటే ఉన్న గన్నుతో పీటీఓ షాఫ్టు (బండి వెనక నుంచి రోటావేటర్‌ను తిప్పే కడ్డీ) క్రాసు జాయింటు దగ్గరికి చెయ్యి పోదు, వంగి వంగి విసుగొచ్చి కుర్రాడు అక్కడ గ్రీజు ఎక్కించే నిపుల్ వదిలేస్తాడు. మినీ ట్రాక్టర్లో ముందు యాక్సిల్ మధ్య పిన్ను, స్టీరింగు జాయింట్లు, లిఫ్ట్ ఆర్ములు, క్లచ్ పెడల్ దగ్గర గ్రీజు పాయింట్లు ఉంటాయి. ఎక్కడెక్కడున్నాయో మాన్యువల్లో బొమ్మ వేసి చూపిస్తారు. ఆ పేజీ ఫొటో తీసి కుర్రాడి ఫోన్లో పెట్టండి. రోటావేటర్ వాడిన రోజున షాఫ్టు క్రాసులకు తప్పకుండా కొట్టాలి. కొట్టేముందు నిపుల్ మీది మట్టిని గుడ్డతో తుడవాలి. తుడవకుండా కొడితే గ్రీజుతో పాటు మట్టిని కూడా మనమే లోపలికి తోసినట్టు. పాత గ్రీజు అంచుల నుంచి బయటికి వచ్చేదాకా కొడితే చాలు. కారిపోయేంత అక్కర్లేదు.

గ్రీజు రెండో నంబరు లిథియం గ్రీజు అడగండి. సాధారణ వాడకానికి అదే సరిపోతుంది. ఒక బ్రాండు మొదలుపెడితే అదే కొనసాగించడం మంచిది. నిపుళ్లు విరిగిపోతుంటాయి, బంతి ఇరుక్కుని గ్రీజు ఎక్కదు. షాపుకెళ్లేటప్పుడు పాతది ఒకటి చేతిలో పట్టుకెళ్లి, అదే మరలో తిన్నటివి కొన్ని, వంకరవి కొన్ని తెచ్చుకోండి. చవకైన వస్తువు. లేకపోతే మాత్రం బేరింగు పోతుంది.

పానాల విషయంలో సైజుల దగ్గర ఒక చిక్కుంది. జపాన్ డిజైన్‌తో తయారైన బండ్లకు 10, 12, 14, 17 సైజులు ఎక్కువగా పడతాయి. మన దగ్గర తయారయ్యే రోటావేటర్లకు, ట్రక్కులకు, స్ప్రేయర్లకు 13, 17, 19, 24 కావాలి. బోల్టు కాడ మందం అదే 8 మిల్లీమీటర్లయినా తల ఒకచోట 12, ఇంకోచోట 13 ఉంటుంది. 12 తలకు 13 పానా వేశారనుకోండి, పట్టినట్టే పట్టి జారుతుంది, జారినప్పుడల్లా బోల్టు మూలలు అరిగిపోతాయి. ఆ తర్వాత ఏ పానా పట్టదు, వెల్డింగు షాపుకే. అందుకని కొనేముందు ఒక సెట్టు అరువు తెచ్చి, బండి చుట్టూ, పనిముట్ల చుట్టూ తిరిగి ఏ బోల్టుకు ఏ సైజు పడుతుందో కాగితం మీద రాసుకోండి. షోరూం సంచిలో ఏ సైజులున్నాయో కూడా రాయండి. అవి మళ్లీ కొనక్కర్లేదు.

ఒకవైపు రింగు, ఒకవైపు నోరు ఉండే కాంబినేషన్ పానాలు 8 నుంచి 24 దాకా ఒక సెట్టు, అరంగుళం సాకెట్ సెట్టు ఒకటి, దానికి పొడవాటి కడ్డీ ఉంటే చాలావరకు పని జరుగుతుంది. రోటావేటర్ బ్లేడు బోల్టు సైజు పానాలు మాత్రం రెండు ఉండాలి. ఒకటి తల పట్టుకోవడానికి, రెండోది నట్టు తిప్పడానికి. తపారియా లాంటి పేరున్న కంపెనీవి కొనండి. ఏలూరులో దొరకని సైజులుంటే విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతాయి. రోడ్డు పక్కన కిలోల లెక్కన అమ్మే పానాల నోళ్లు ఒక సీజనుకే విచ్చుకుంటాయి. అడ్జస్టబుల్ స్పానర్ ఒకటి ఉండనివ్వండి గానీ కుర్రాడికి దానితో అన్నీ తిప్పే అలవాటు పడనివ్వకండి. బోల్టు తలలు గుండ్రంగా అయిపోయిన బండి కనిపిస్తే, ఆ ఇంట్లో అడ్జస్టబుల్ స్పానర్ రాజ్యం చేస్తోందని అర్థం. వీటితో పాటు కటింగ్ ప్లేయర్, సర్‌క్లిప్ ప్లేయర్, రెండు స్క్రూ డ్రైవర్లు, కిలో సుత్తి, పిన్నులు కొట్టడానికి ఒక ఇనప కడ్డీ, హ్యాక్‌సా ఫ్రేము, బైండింగ్ వైరు.

మీ అబ్బాయి లిస్టులో టార్క్ రెంచ్ ఉంది, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానా. దాన్ని కొట్టేయకండి. కొత్త బండికి చక్రాల నట్లు మొదటి రోజుల్లో వదులవుతాయి. రిమ్ము, పెయింటు సర్దుకునేటప్పుడు అలా జరగడం మామూలే. మొదటి పది గంటల్లో ఒకసారి, తర్వాత వారానికోసారి బిగింపు చూడాలి. ఎంత బిగించాలో మాన్యువల్లో అంకె ఇస్తారు. పైపు వేసి ఎక్కి తొక్కి బిగించినా నష్టమే, నట్టు మర పోతుంది. ఈ సంక్రాంతికి మీ అబ్బాయి వస్తున్నట్టయితే అక్కడి నుంచి మోసుకు రావక్కర్లేదు, ఇక్కడే దొరుకుతుంది. సాకెట్లు మాత్రం అక్కడివి పంపొద్దని చెప్పండి. అంగుళాల సైజులు వచ్చి కూర్చుంటాయి, మన బోల్టులేమో మిల్లీమీటర్లలో ఉంటాయి.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. పని ఆపేది చాలాసార్లు బండి కాదు, వెనక తగిలించిన పనిముట్టు. నాలుగు రూపాయల లాక్ పిన్ను ఎక్కడో ఊడి పడిపోతుంది, రోటావేటర్ ఒకవైపు జారి వేలాడుతుంది, అంతే సంగతులు. మీ బండి వెనక పనిముట్టు తగిలించే త్రీ పాయింట్ లింకేజి ఒకటో క్యాటగిరీది (సైజుది) అయ్యుంటుంది. కింది లింకుల పిన్ను 22 మిల్లీమీటర్లు, టాప్ లింకు పిన్ను 19. ఒక టాప్ లింకు పిన్ను, ఒక కింది పిన్ను, రింగు ఉండే లాక్ పిన్నులు అరడజను, రకరకాల సైజుల స్ప్లిట్ పిన్నులు ఒక పొట్లం ఎప్పుడూ డబ్బాలో ఉండాలి. లాక్ పిన్ను బదులు మేకు వంచి పెట్టడం మన ఊళ్లలో మామూలే. మెత్తటి మేకు తెగిపోతుంది, తెగిన సంగతి రోటావేటర్ పడిపోయాకే తెలుస్తుంది.

రోటావేటర్‌కు షియర్ బోల్టు ఉందో, బరువు ఎక్కువైతే జారే స్లిప్ క్లచ్ ఉందో చూడండి. షియర్ బోల్టు ఉంటే అది తెగిపోవడానికే పెట్టింది. బ్లేడు రాయికో, ఆయిల్ పామ్ మొద్దుకో తగిలితే ఆ బోల్టు తెగి గేర్ బాక్సును, బండి పీటీఓను కాపాడుతుంది. ఇంటి కరెంటులో ఫ్యూజు చేసే పనే ఇదీ. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. మాటిమాటికీ తెగుతోందని షాపులో "గట్టిది ఇవ్వండి" అని అడుగుతారు. బోల్టు తల మీద అచ్చు కొట్టిన అంకె చూడండి. 8.8 అనో 10.9 అనో ఉంటుంది, అంకె పెరిగే కొద్దీ గట్టితనం ఎక్కువ. కంపెనీ ఏ అంకెది పెట్టిందో అదే, అదే పొడవుది పది తెచ్చుకోండి. ఇంకా గట్టిది వేస్తే బోల్టు తెగదు, దాని బదులు గేర్ పళ్లు తెగుతాయి.

బ్లేడ్లు మొత్తం సెట్టు ఇప్పుడే వద్దు. ఎడమ వంపువి రెండు, కుడి వంపువి రెండు, వాటి బోల్టులు, స్ప్రింగ్ వాషర్లు ఉంటే విరిగినప్పుడు పని సాగుతుంది. పాత బోల్టులే మళ్లీ వేయకండి, సాగిపోయి ఉంటాయి. బ్లేడ్లు మార్చేటప్పుడు ఇంజను ఆపి, తాళం కుర్రాడి జేబులో ఉండాలి. రోటావేటర్ కింద రెండు వైపులా గట్టి కొయ్య దిమ్మలు పెట్టాలి. హైడ్రాలిక్ లిఫ్టు మీద నమ్మకంతో కిందికి దూరకూడదు. లీవరు ఎవరి చెయ్యో తగిలినా చాలు, దిగిపోతుంది.

మీ తోటకు ప్రత్యేకంగా ఇంకో మాట. కోకో వరుసల్లో డ్రిప్ పైపులుంటే రోటావేటర్ ఎప్పుడో ఒకప్పుడు ఒకదాన్ని లాక్కుంటుంది. అది రోటరు షాఫ్టు చివర బేరింగు దగ్గర తాడు పేనినట్టు చుట్టుకుని, ఆయిల్ సీలును కోసేస్తుంది. రెండు రోజుల తర్వాత ఆయిల్ కారుతుంది, వారానికి బేరింగు అరుస్తుంది. అందుకని పానాల డబ్బాలో ఒక పదునైన చాకు, ఒక చిన్న కొక్కెం, 16 మిల్లీమీటర్ల డ్రిప్ జాయినర్లు గుప్పెడు వేసి ఉంచండి. సాయంత్రం పని ఆపగానే షాఫ్టు రెండు చివర్లా చూసి చుట్టుకున్నది కోసి లాగేయాలి. అది ఐదు నిమిషాల పని. మీ మెకానిక్కు లిస్టులో లేని స్పేరు ఒకటి కొనాలంటే ఆ రోటరు ఆయిల్ సీలు కొనండి. మార్చేది మెకానిక్కే అయినా, సరైన సీలు దొరక్కే రెండు రోజులు పోతాయి కాబట్టి దీనికి మాత్రం నా రెండు ప్రశ్నల నుంచి మినహాయింపు ఇస్తున్నాను. పీటీఓ షాఫ్టు క్రాసు కూడా ఒకటి ఉంటే మంచిదే. అది త్వరగా పోకుండా ఉండాలంటే మలుపుల్లో పీటీఓ తిరుగుతుండగా రోటావేటర్‌ను మరీ పైకి ఎత్తకూడదు.

కోకో ఆకు సంగతి మీకు చెప్పక్కర్లేదు, చెట్ల కింద పరుపులా పడి ఉంటుంది. ఆ ఎండుటాకు పొడి రేడియేటర్ ముందు జాలీని మూసేస్తుంది. చిన్న బండికి చిన్న రేడియేటర్, త్వరగా వేడెక్కుతుంది. బానెట్ తెరిచి జాలీ బయటికి లాగి దులపడం తోటలో పని ఉన్న రోజుల్లో పూటకోసారైనా జరగాలి. రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్నదాన్ని మెత్తటి బ్రష్షుతో, లేదా ఫ్యాన్ వైపు నుంచి ముందుకు గాలి కొట్టి తీయాలి. ముందు నుంచి కొడితే ఇంకా లోపలికి పోతుంది. సన్నని రెక్కలు వంగిపోతాయి కాబట్టి ప్రెషర్ వాషరు దగ్గరగా పెట్టొద్దు. వేడి మీద రేడియేటర్ మూత తిప్పొద్దని కుర్రాడికి గట్టిగా చెప్పండి. మాన్యువల్లో చెప్పిన రకం కూలెంటు ఒక లీటరు, ఫ్యాన్ బెల్టు ఒకటి, రేడియేటర్ గొట్టాలకు పట్టే క్లిప్పులు కొన్ని దగ్గర పెట్టుకోండి. ఎండుటాకు, వేడి సైలెన్సరు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి మీ అబ్బాయి రాసిన చిన్న అగ్నిమాపక సిలిండరు కూడా కొనండి.

ఫిల్టర్ల విషయంలో ఇప్పుడే తొందరపడక్కర్లేదు. మన కంపెనీల్లో మొదటి సర్వీసు సాధారణంగా 50 గంటలకు ఉంటుంది. ఇంజను ఆయిల్, ఆయిల్ ఫిల్టరు షోరూం వాళ్లే మారుస్తారు. రోజుకు ఐదు గంటలు నడిపితే పది రోజుల పని అది, మీకు దగ్గరపడే ఉంటుంది. మీటరు చూసుకోండి. ఆ సర్వీసు మానేస్తే వారంటీ మీద మాట పడుతుంది. ఆ రోజు షోరూంకు వెళ్లినప్పుడు డీజిల్ ఫిల్టర్లు ఒక సెట్టు, ఎయిర్ ఫిల్టరు ఒకటి, ఫ్యాన్ బెల్టు వాళ్ల దగ్గరే బిల్లుతో తీసుకోండి. పిన్నులు, బోల్టులు, క్లిప్పులు లోకల్‌వి కొన్నా ఫరవాలేదు. ఫిల్టర్లలో, బెల్టుల్లో మాత్రం నకిలీలు ఎక్కువ. పైన డబ్బా అచ్చు ఒకేలా ఉంటుంది, లోపల కాగితం వేరు. పార్టుల నంబర్లున్న కేటలాగ్ ఫోన్లోకి పంపమని అడగండి, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఉన్న ప్లేటు ఫొటో తీసుకోండి. సీజన్లో ఫోన్ మీద పార్టు చెప్పాల్సి వస్తే ఆ నంబరు చెప్తే చాలు.

డీజిల్ ఫిల్టరు ఎందుకు దగ్గర ఉండాలంటే, ఊళ్లో క్యాన్లలో తెచ్చే డీజిల్లో నీళ్లూ చెత్తా వస్తాయి. ఒక క్యాను డీజిల్‌కే కేటాయించండి, పురుగుమందు కలిపిన బకెట్ల పక్కన పెట్టకండి. జాలీ ఉన్న గరాటు వాడండి. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపితే లైన్లో గాలి పడుతుంది, బండి స్టార్టవదు. అప్పుడు ఆగకుండా సెల్ఫు కొట్టి బ్యాటరీ దించేస్తారు. సెల్ఫు పది సెకన్లకు మించి పట్టి ఉంచకూడదు, కొట్టిన ప్రతిసారీ కాసేపు ఆగాలి. గాలి తీసే పద్ధతి కొన్ని బండ్లకు ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి చేతి పంపు కొట్టడం, కొన్నిటికి కీ ఆన్ చేస్తే ఎలక్ట్రిక్ పంపే చూసుకుంటుంది. మీ బండిది ఏదో మొదటి సర్వీసు రోజున మెకానిక్కు దగ్గర నిలబడి కుర్రాడి చేత ఒకసారి చేయించండి. ఆ బోల్టుల కింద ఉండే రాగి వాషర్లు రెండు సైజులవి నాలుగేసి తీసుకోండి. పాతవి మళ్లీ వేస్తే డీజిల్ చెమ్మగిల్లుతుంది.

ఎయిర్ ఫిల్టరు పొడి రకమైతే లోపలి నుంచి బయటికి తక్కువ గాలి కొట్టి శుభ్రం చేయాలి. టైరుకేసి బాదకూడదు, కాగితం చిట్లుతుంది. లోపల ఇంకో చిన్న ఫిల్టరు ఉంటే దాన్ని శుభ్రం చేయడం ఉండదు, కంపెనీ చెప్పిన గడువుకు మార్చడమే.

ఆయిళ్లలో జాగ్రత్త పడాల్సింది హైడ్రాలిక్, గేర్ బాక్సు ఆయిల్ దగ్గర. చాలా మినీ ట్రాక్టర్లలో బ్రేకులు కూడా ఆ ఆయిల్లోనే మునిగి ఉంటాయి. దానికి వేరే రకం ఆయిల్ ఉంటుంది. షాపులో ఏదో ఒక గేర్ ఆయిల్ పోస్తే బ్రేకు అరుస్తుంది, పట్టదు. మాన్యువల్లో రాసిన గ్రేడే కావాలి. ఇంజను ఆయిల్ అదే గ్రేడుది ఒక లీటరు పైకి పోసుకోవడానికి ఉంచండి. రోటావేటర్ గేర్ బాక్సుకు గేర్ ఆయిల్ వేరు. డబ్బాల మీద పెయింటుతో పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. టిప్పర్ హైడ్రాలిక్ పైపు ఎక్కడైనా కారుతోందనిపిస్తే వేలితో తడిమి చూడొద్దు. ఆ ఒత్తిడికి సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోతుంది, అది సూది పోటులా కనిపించినా ఆపరేషన్ దాకా వెళ్లే గాయం. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి.

టైర్లు మీకు కాస్త ఇబ్బంది పెడతాయి. ఆయిల్ పామ్ మట్టల మొదట్లో ముళ్లుంటాయి కదా, కొట్టిన మట్టలు బండి దారిలో కాకుండా వరుస మధ్యలో పేర్చితే సగం పంక్చర్లు తగ్గుతాయి. ముందు చక్రం ట్యూబు ఒకటి, ట్రక్కు ట్యూబు ఒకటి, వాల్వు పిన్నులు కొన్ని, తక్కువ ఒత్తిడిని కూడా సరిగా చూపించే గేజీ, చిన్న 12 వోల్టుల గాలి పంపు ఉంటే చాలు. వెనక చక్రం పంక్చరు ఇంటి దగ్గర వేయడానికి ప్రయత్నించకండి, చక్రం ఊడదీసి షాపుకు పంపండి. అందుకు ఐదు టన్నుల బాటిల్ జాకీ, దాని కింద పరవడానికి మందపాటి పలక కావాలి. పలక లేకపోతే మెత్తటి నేలలో జాకీయే దిగిపోతుంది. ఫోర్ వీల్ బండికి ముందు వెనక టైర్ల సైజులు ఒకదానికొకటి లెక్క కట్టి పెడతారు. ముందు టైరు అరిగితే దొరికిన సైజు వేయకూడదు. లెక్క తప్పితే ముందు గేర్ల మీద బరువు పడుతుంది. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ తీసేసి నడపాలి, అది కూడా ఇందుకే.

కరెంటు సామాన్లకు పెద్ద ఖర్చు లేదు. ఫ్యూజులు ఎరుపు 10, నీలం 15, పసుపు 20 ఆంపియర్లవి కొన్ని, హెడ్‌లైటు బల్బు, ఇండికేటరు బల్బులు, ఇన్సులేషన్ టేపు. మాడిన ఫ్యూజు బదులు తీగ చుట్టడం మాత్రం వద్దు, వైరింగంతా కాలిపోతుంది. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర నెగెటివ్. ట్రక్కు వెనక లైట్లతో పాటు మెరిసే టేపు కూడా అంటించండి. గెలల బండి చీకటి పడ్డాకే రోడ్డెక్కుతుంది. ట్రక్కు కొక్కెం పిన్నుకు లాకు, దాంతో పాటు ఒక గొలుసు. మీ అబ్బాయి లిస్టులోని గొలుసుల్లో ఇదొక్కటే మీకు కావాల్సింది.

స్ప్రేయర్‌కు నాజిల్ డిస్కులు, జాలీలు, వాషర్లు, పైపు క్లిప్పులు ఒక పొట్లంలో విడిగా పెట్టండి. మందు తగిలిన చేతులతో పానాల డబ్బా ముట్టుకునే పని తప్పుతుంది.

డబ్బు సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, ట్రాక్టరు టైర్లు, ట్యూబులు, చాలా విడిభాగాల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. పానాల మీద, ఇంజను ఆయిల్ మీద 18 శాతమే ఉంది. స్పేర్లకు బిల్లు అడిగి శాతం చూసుకోండి. ఇప్పుడు గ్రీజు గన్ను, పానాలు, పిన్నులు, షియర్ బోల్టులు, జాకీ తీసుకోండి. ఫిల్టర్లు, బెల్టు మొదటి సర్వీసు రోజున. ట్యూబులు, బ్లేడ్లు తొలకరికి ముందు. అన్నీ ఒకేసారి కొంటే సగం ఎలుకల పాలవుతాయి.

కుర్రాడికి మెకానిజం తెలియదన్నారు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల సంస్థ ఉంది. ట్రాక్టర్ నడపడం, చూసుకోవడం మీద రైతులకు అక్కడ శిక్షణ ఇస్తారు. దూరమే గానీ, పని తక్కువున్న నెలలో పంపితే మీ లిస్టులోని సగం వస్తువుల కంటే అదే ఎక్కువ అక్కరకొస్తుంది. ఈలోగా ఒక్కటి మాత్రం ఇంట్లో అందరికీ చెప్పండి. పీటీఓ తిరుగుతుంటే తువ్వాలు, లుంగీ, చీర కొంగు ఏదీ దాని దరిదాపుల్లోకి రాకూడదు. షాఫ్టు మీది ప్లాస్టిక్ తొడుగు పగిలితే ఆ రోజే మార్చాలి. ఆ తొడుగు స్పేరుగా ఒకటి కొన్నా నాకు అభ్యంతరం లేదు.

పారేసుకుంటాడన్నారు కదా. డబ్బాలు రెండు చేయండి. పెద్దది మకాంలో తాళం వేసి ఉంచండి. సాకెట్లు, టార్క్ రెంచ్, ఫిల్టర్లు అందులో. బండి మీద ఉండేదాంట్లో రోజూ పనికొచ్చే నాలుగైదు పానాలు, ప్లేయరు, చాకు, పిన్నులు, షియర్ బోల్టులు మాత్రమే. పానాల పిడులకు నారింజ రంగు వేయించండి. కోకో ఆకుల్లో పడినా కనిపిస్తాయి, పక్క రైతు అరువు తీసుకెళ్లినా ఎవరివో తెలుస్తుంది.